కుక్కతో పాటు విమానం ఎక్కే జబ్బులు

ఆస్ట్రేలియా పశ్చిమ భాగంలో, కింబర్లీ ప్రాంతంలో హాల్స్ క్రీక్ అనే చిన్న ఊరుంది. 2020 మే నెలలో ఆ ఊరి కుక్కల్లో ఎర్లీకియా కానిస్ అనే బ్యాక్టీరియా బయటపడింది. అంతవరకు ఆ జబ్బు తమ దేశంలో లేదనే ఆస్ట్రేలియా నమ్మకం. బయటి నుంచి వచ్చే కుక్కలకు రక్తపరీక్ష తప్పనిసరి చేసి, క్వారంటైన్‌లో పెట్టి మరీ దాన్ని ఆపుకుంటూ వచ్చారు. ఒక్కసారి లోపలికి చేరాక మాత్రం అది ఆగలేదు. పక్కనున్న నార్తర్న్ టెరిటరీకి పాకింది. మూలవాసుల పల్లెల్లో ఎన్నో కుక్కలు తిండి మానేసి, ముక్కు నుంచి రక్తం కారి చనిపోయాయి. దాన్ని ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు మోసింది గోధుమ రంగు గోమారి. మన ఇళ్లలో కుక్క చెవి వెనక కనిపించే పిడుదు కూడా అదే.

ఆ జబ్బునే హైదరాబాద్‌లో, విజయవాడలో కుక్కలు పెంచేవాళ్లు టిక్ ఫీవర్ అంటారు. వానలు మొదలయ్యాక ఏ పెట్ క్లినిక్‌కు వెళ్లినా సెలైన్ ఎక్కించుకుంటూ నీరసంగా పడుకున్న కుక్క ఒకటైనా కనిపిస్తుంది. 'ప్లేట్‌లెట్స్ పడిపోయాయి' అన్న మాట అక్కడ రోజూ వినిపించేదే. మనకు అంత మామూలైపోయిన జబ్బు అక్కడ ఒక దేశం మొత్తాన్ని కంగారు పెట్టింది. కుక్కను వెంటబెట్టుకుని విదేశం వెళ్లే కుటుంబాలు ముందుగా పట్టుకోవాల్సిన తేడా ఇది.

చదువుకో ఉద్యోగానికో దేశం దాటుతున్న తెలుగువాళ్లలో చాలామంది ఇప్పుడు కుక్కను ఎవరికో అప్పగించి వెళ్లడానికి ఒప్పుకోవడం లేదు. ఇది నిజంగా మంచి మార్పు. కానీ తయారీ అంతా ఒక ఫైలు చుట్టూ తిరుగుతుంది. కుక్క చర్మం కింద ఎక్కించే గుర్తింపు చిప్ కాగితం, టీకా కాగితం, ల్యాబ్ రిపోర్టు, ఆరోగ్య ధృవీకరణ పత్రం, అన్నీ వచ్చేశాయంటే పనైపోయిందనుకుంటారు. ఆ కాగితాలు అడిగేది చేరబోయే దేశం, తనను తాను కాపాడుకోవడానికి. కుక్కను కాపాడటం వాటి ఉద్దేశం కాదు. అమెరికా రేబిస్ గురించి గుచ్చి గుచ్చి అడుగుతుంది, టిక్ ఫీవర్ గురించి అడగదు. బ్రిటన్ బద్దె పురుగుకు మందు వేశారా అంటుంది, గోమార్ల ఊసెత్తదు. ఎవరూ అడగని ఆ విషయాలే తర్వాత కుక్క ప్రాణం మీదికి తెస్తాయి.

మూడు నెలలు ఎందుకు ఆగమంటారు

ముందు అడిగే విషయమే చూద్దాం. రేబిస్‌తో ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది చనిపోతున్నారని అంచనా. అందులో మూడో వంతుకు పైగా భారతదేశంలోనే. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం కుక్కకాటు వల్లే వస్తుంది. మన దేశం నుంచి వచ్చే కుక్కను ఏ దేశమైనా అనుమానంగా చూస్తుందంటే కారణం ఇదే. ఇందులో అవమానపడాల్సిందేమీ లేదు.

వైరస్ కాటు పడ్డ చోటి నుంచి నరాల వెంట మెదడు దాకా పాకాలి. దానికి వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. ఈలోగా కుక్క మామూలుగానే తింటుంది, తోక ఊపుతుంది, బంతి వెంట పరిగెడుతుంది. బ్రిటన్‌కు ఇది అనుభవపూర్వకంగా తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొస్తూ సైనికులు దొంగచాటుగా తెచ్చిన కుక్కల వల్ల 1918లో అక్కడ మళ్లీ రేబిస్ మొదలైంది. దాన్ని తుడిచిపెట్టడానికి 1922 దాకా పట్టింది. 1969లో కేంబర్లీ అనే ఊళ్లో ఇంకా భయపెట్టే సంగతి జరిగింది. జర్మనీ నుంచి తెచ్చిన ఒక కుక్క ఆరు నెలల క్వారంటైన్ మొత్తం పూర్తి చేసుకుని ఇంటికొచ్చింది. వచ్చిన కొద్ది రోజులకే దానికి పిచ్చి లక్షణాలు కనిపించాయి. ఆరు నెలలు కూడా చాలలేదన్నమాట.

ఈ వెనకటి కథ తెలిస్తే టైటర్ టెస్ట్, అంటే రక్తంలో రేబిస్ ప్రతిరక్షకాలను కొలిచే పరీక్ష, నిబంధన అర్థమవుతుంది. బ్రిటన్‌కు గానీ యూరోపియన్ యూనియన్ దేశాలకు గానీ భారత్ నుంచి కుక్కను తీసుకెళ్లాలంటే ముందు చిప్, తర్వాత రేబిస్ టీకా, టీకా వేసిన కనీసం 30 రోజులకు రక్తం తీయడం. ఆ రక్తంలో రేబిస్ ప్రతిరక్షకాలు మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లయినా ఉండాలి. ఉన్నాయని తేలాక కూడా రక్తం తీసిన తేదీ నుంచి మూడు నెలలు ఆగాలి. టీకా పనిచేస్తోందని అప్పటికే రుజువైంది కదా, మళ్లీ ఈ ఆగడం ఏంటని చాలామందికి విసుగు. ఈ మూడు నెలలు టీకా కోసం పెట్టినవి కావు. టీకాకు ముందే ఎప్పుడో వీధిలో మరో కుక్క కరవడమో గీరడమో జరిగి వైరస్ లోపల చేరి ఉంటే, అది బయటపడటానికి ఇచ్చే గడువు.

అమెరికా దారి కొంచెం వేరు. కుక్కల రకం రేబిస్‌ను తమ దేశంలో నిర్మూలించామని 2007లో వాళ్లు ప్రకటించుకున్నారు. 2021 జూన్‌లో అజర్‌బైజాన్ నుంచి దత్తతకు తెచ్చిన కుక్కల గుంపులో ఒకదానికి పెన్సిల్వేనియాలో రేబిస్ బయటపడింది. ఆ జులైలోనే రేబిస్ ఎక్కువున్న దేశాల నుంచి కుక్కల రాకను ఆపేశారు. 2024 ఆగస్టు 1 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. కుక్కకు ఆరు నెలలు నిండి ఉండాలి. భారత్‌లో టీకా వేయించిన కుక్క అయితే ప్రభుత్వ పశువైద్యుడి సంతకం ఉన్న టీకా, చిప్ ధృవీకరణ పత్రం కావాలి. అట్లాంటా, న్యూయార్క్ జేఎఫ్‌కే, లాస్ ఏంజెలస్, మయామి, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ డల్లెస్ లాంటి, గుర్తింపు పొందిన జంతు కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. ఆ కేంద్రంలో ముందే బుకింగ్ చేయించుకోవాలి. టైటర్ రిపోర్టు సరిగ్గా ఉంటే పరీక్ష చేసి, మరో టీకా వేసి పంపిస్తారు. లేదంటే 28 రోజుల క్వారంటైన్. ఖర్చంతా యజమానిదే. డాలస్‌కో హ్యూస్టన్‌కో టికెట్ కొనేసి, తర్వాత కుక్క సంగతి చూద్దామనుకునేవాళ్లు సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటారు. నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజే ఆ దేశ అధికారిక వెబ్‌సైట్ చూసుకోవడం మంచిది.

ఆస్ట్రేలియా అయితే భారత్ నుంచి నేరుగా కుక్కను రానివ్వదు. ముందు వాళ్లు ఆమోదించిన మరో దేశానికి తీసుకెళ్లి, అక్కడి నుంచి తీసుకెళ్లాలి. టైటర్ రక్తం ఇచ్చాక 180 రోజులు గడవాలి. చివర్లో మెల్‌బోర్న్ దగ్గరి మికెల్‌హామ్ క్వారంటైన్ కేంద్రంలో కనీసం 10 రోజులు, చాలా సందర్భాల్లో 30 రోజులు ఉంచాలి.

పదిహేను అంకెలు

ఈ వ్యవహారంలో ఎక్కువగా దెబ్బతినేది పెద్ద విషయాల దగ్గర కాదు. బియ్యపు గింజంత చిప్ దగ్గర. మెడ వెనక, రెండు భుజాల మధ్య చర్మం కింద దాన్ని ఎక్కిస్తారు. స్కానర్ దాని మీదుగా పోనిస్తే 15 అంకెలు తెర మీద వస్తాయి. టీకా పుస్తకంలో, ల్యాబ్‌కు పంపే ఫారంలో, ధృవీకరణ పత్రంలో అవే 15 అంకెలు, అదే వరసలో ఉండాలి. చేత్తో రాసేటప్పుడు 1 కాస్తా 7 లాగా కనబడినా, మధ్యలో ఒక సున్నా ఎగిరిపోయినా, అది ఆ కుక్క రిపోర్టు కాదనే లెక్క. చిప్‌తో వచ్చే బార్‌కోడ్ స్టిక్కర్లను పారేయకుండా ప్రతి కాగితం మీదా అంటించడం చేతిరాత కంటే ఎంతో నయం. చిప్ కొన్ని కుక్కల్లో మెల్లగా ముందుకాలి వైపు జారుతుంది. అందుకే రక్తం తీసే రోజు స్కానర్‌ను భుజం కింద దాకా పోనిచ్చి, అంకెలు గట్టిగా చదివించి, ఎదురుగా కూర్చుని సరిచూసుకోవాలి. రెండు నిమిషాల పని.

ఇక వరస. చిప్ ముందు, టీకా తర్వాత. ఒకే రోజైనా పర్వాలేదు గానీ, చిప్ కంటే ముందు వేసిన టీకాను లెక్కలోకి తీసుకోరు. ఐదేళ్లుగా క్రమం తప్పకుండా టీకాలు వేయిస్తున్న కుక్క అయినా సరే, చిప్ నిన్న వేయించారంటే వాళ్ల దృష్టిలో దాని టీకా చరిత్ర నిన్నటి నుంచే మొదలు. మన దగ్గర జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. తప్పకుండా వాడుకోవాల్సిన సౌకర్యం అది. అయితే బ్యాచ్ నంబరు, కంపెనీ పేరు, గడువు తేదీ, డాక్టరు సంతకం రాయించుకోకపోతే ప్రయాణానికి ఆ టీకా పనికిరాదు.

మొదటిసారి టీకా వేయించుకునే కుక్కకు ఒక్క డోసుతో టైటర్ కొన్నిసార్లు 0.5 దాటదు. అందుకే నెల తేడాతో రెండు డోసులు వేసి, ఆ తర్వాత రక్తం తీయడం చాలామంది పశువైద్యులు ఎంచుకునే పద్ధతి. రక్తం కాదు, దాని నుంచి వేరు చేసిన సీరమ్‌ను ఐస్ ప్యాక్‌లలో పెట్టి గుర్తింపు ఉన్న ల్యాబ్‌కే పంపాలి. అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ రేబిస్ ల్యాబ్ అలాంటివాటిలో ఒకటి. ఒకసారి పాసయ్యాక బూస్టర్ తేదీ ఒక్క రోజు దాటిపోయినా బ్రిటన్, యూరప్ లెక్కలో మళ్లీ మొదటికే రావాలి. వీసా ఆలస్యమై ప్రయాణం వాయిదా పడిన ఇళ్లలో ఈ తేదీనే మరిచిపోతుంటారు. చిప్, రెండు డోసులు, రక్తం, రిపోర్టు, మూడు నెలల ఆగడం, అన్నీ కలిపితే బ్రిటన్‌కు కనీసం ఐదు నెలలు, ఆలస్యాలను కూడా లెక్కేసుకుంటే ఆరు నెలలు చేతిలో పెట్టుకోవాలి. అమెరికాకు టీకా తర్వాత 30 రోజులకు రక్తం, రక్తం తర్వాత 28 రోజులకు ప్రయాణం. కనీసం రెండు నెలలు, ల్యాబ్ ఆలస్యాలతో మూడు.

గోమారికి పాస్‌పోర్టు అక్కర్లేదు

ఇక ఎవరూ అడగని విషయం. గోధుమ రంగు కుక్క గోమారికి ఒక ప్రత్యేకత ఉంది. చాలా రకాల పిడుదులకు గడ్డి, పొదలు కావాలి. దీనికి ఒక ఇల్లు చాలు. రక్తం తాగి ఉబ్బిన ఆడది కుక్క ఒంటి మీద నుంచి రాలిపడుతుంది. గోడ వెంట పైకి పాకుతుంది. తలుపు చట్రం సందులో, కర్టెన్ రాడ్ వెనక, మంచం కోళ్ల పగుళ్లలో దూరి వేల గుడ్లు పెడుతుంది. ఐదో అంతస్తు ఫ్లాట్‌లో ఉండే, నేల మీద కాలు పెట్టని కుక్కకు గోమార్లు ఎలా పట్టాయని ఆశ్చర్యపోయేవాళ్లకు సమాధానం ఆ గోడలోనే ఉంటుంది. తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు కూడా. కుక్కకు మందు వేసి ఇంటిని వదిలేస్తే సగం పని మాత్రమే చేసినట్టు.

దాని నోటి నుంచి కుక్కకు ఎక్కే జబ్బుల్లో ముఖ్యమైనవి ఎర్లీకియా, ఎర్రరక్తకణాల్లో చేరే పరాన్నజీవి బబీసియా. కుక్క ఆ గోమారిని నోటితో కొరికి మింగితే హెపటోజూన్ అనే మరొకటి కూడా వస్తుంది. బబీసియా గిబ్సోని అనే రకాన్ని ప్రపంచంలో మొదటిసారి గుర్తించింది మన పక్కనే, మద్రాసులో. 1910లో ప్యాటన్ అనే శాస్త్రవేత్త అక్కడి వేటకుక్కల రక్తంలో దాన్ని చూసి నమోదు చేశారు. దక్షిణ భారతంతో ఈ జబ్బుకు అంత పాత బంధం.

ఎర్లీకియా సోకిన కుక్కకు 8 నుంచి 20 రోజుల్లో జ్వరం వస్తుంది. రెండు నుంచి నాలుగు వారాలు నలతగా ఉండి, చాలాసార్లు తనంతట తాను కోలుకున్నట్టు కనిపిస్తుంది. ఇక్కడే మోసపోతాం. జబ్బు పోదు, నెలలూ ఏళ్లూ లోపల నిద్రపోతుంది. ఎముకల మూలుగ దెబ్బతిని రక్తకణాలన్నీ పడిపోయే దశలో మళ్లీ లేస్తే అప్పుడు మందులు కూడా పెద్దగా పనిచేయవు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం ఈ దశ వల్లే వందల కుక్కలను పోగొట్టుకుంది. వాటిలో ఎక్కువ జర్మన్ షెపర్డ్‌లు. ఆ జాతికి ఈ జబ్బు మిగతావాటికంటే తీవ్రంగా వస్తుంది. మన దగ్గర ఇంటింటా కనిపించే జాతుల్లో అదొకటని గుర్తుంచుకోవాలి.

ప్రయాణం దగ్గర పడ్డ వారాల్లో ఏం జరుగుతుందో ఒకసారి చూడండి. ఇల్లు ఖాళీ చేస్తున్నారు. సామాన్ల గొడవలో కుక్కకు నెలనెలా వేసే గోమారి మందు తేదీ దాటిపోయింది. కుటుంబం ముందు వెళ్లి, అక్కడ ఇల్లు కుదిరాక కుక్కను రప్పించుకుందామనుకున్నారు. అప్పటిదాకా అది ఊళ్లో అమ్మమ్మగారింట్లోనో, ఏదో బోర్డింగ్ సెంటర్‌లోనో ఉంటుంది. పశువుల కొట్టం పక్కన పడుకుంటుంది, పది కుక్కలతో కలిసి తిరుగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే గోమారి కరుస్తుంది. జ్వరం వచ్చేది న్యూజెర్సీలో దిగిన రెండో వారంలో. అక్కడి డాక్టరు ప్రయాణ బడలిక, కొత్త చోటు, తిండి మార్పు అనుకుంటే తప్పు పట్టలేం. బబీసియా గిబ్సోని అమెరికాలో ఎక్కువగా పిట్‌బుల్ జాతి కుక్కల్లో, వాటి పోట్లాటల వల్ల కనిపించే జబ్బు. మన లాబ్రడార్‌కు అది ఉంటుందని ఆయనకు తట్టాలంటే యజమానే నోరు విప్పాలి. 'ఈ కుక్క దక్షిణ భారతం నుంచి వచ్చింది, అక్కడ గోమారి జబ్బులు మామూలే, వాటికి పరీక్ష చేయండి' అని చెప్పడం మొదటి విజిట్‌లో చేయాల్సిన మొదటి పని.

ఇంకా మంచిది, బయల్దేరడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే ఇక్కడ పరీక్ష చేయించడం. స్లైడ్ మీద రక్తం చూసి 'ఏమీ లేదు' అంటే నమ్మేయడానికి లేదు. నిద్రాణంగా ఉన్న జబ్బు స్మియర్‌లో తరచూ దొరకదు. ఎర్లీకియా, బబీసియాలకు పీసీఆర్ (రక్తంలో క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష), దాంతోపాటు ప్లేట్‌లెట్ల సంఖ్యతో పూర్తి రక్తపరీక్ష చేయించాలి. ఆరు వారాలు ఎందుకంటే, ఎర్లీకియా ఉందని తేలితే డాక్సీసైక్లిన్ కోర్సు మామూలుగా 28 రోజులు. బబీసియా గిబ్సోనికి వాడే మందులు వేరు, అవి వాడినా పూర్తిగా పోకుండా కొన్ని కుక్కల్లో మిగిలిపోతుంది. ప్రయాణపు ఒత్తిడికో, తర్వాతెప్పుడో ఇచ్చిన స్టెరాయిడ్‌కో మళ్లీ తలెత్తవచ్చు. ఆ రిపోర్టులు ఫైల్లో ఉంటే అవతలి డాక్టరుకు రోజులు కలిసొస్తాయి. వెళ్లేది ఆస్ట్రేలియా దారిలో అయితే ఇంకో చిక్కుంది. అక్కడ చూసేది ఎర్లీకియా ప్రతిరక్షకాలను. జబ్బు నయమైనా అవి నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి రక్తంలో కనిపిస్తూనే ఉంటాయి. కాబట్టి అటు వెళ్లే ఆలోచన ఉన్న ఇంట్లో కుక్కకు అసలు గోమారే పట్టకుండా చూసుకోవడం ఒక్కటే దారి.

మందుల విషయంలో రెండు మాటలు. నోటి ద్వారా ఇచ్చే కొత్త మాత్రలు, అంటే ఫ్లూరలేనర్, అఫోక్సొలేనర్ లాంటివి, గోమారిని బాగా చంపుతాయి. కాకపోతే అది కరిచి రక్తం పీల్చాకే చస్తుంది. గోమారి కరిచిన కొన్ని గంటల్లోనే ఎర్లీకియా ఎక్కగలదు. అందుకే దగ్గరికే రానివ్వని స్పాట్-ఆన్ మందు గానీ కాలర్ గానీ తోడుగా వాడటం గురించి డాక్టరును అడగాలి. ఆస్ట్రేలియా అయితే తాకగానే చంపే మందునే ఒప్పుకుంటుంది, మాత్రలు చెల్లవు. ఫిట్స్ వచ్చే కుక్కలకు ఈ మాత్రల విషయంలో జాగ్రత్త అవసరమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పర్మెత్రిన్ ఉన్న మందులు వద్దు, పిల్లికి అది విషం. గోమార్లకు ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ వేయించే అలవాటు మన దగ్గర ఉంది. కోలీ, ఆ వంశపు షెపర్డ్ జాతుల్లో చాలా కుక్కలకు ఆ మందు మెదడుకు ఎక్కకుండా ఆపే జన్యువు లోపించి ఉంటుంది. వాటికి ఆ డోసు ప్రాణాంతకం. ఇక కిరోసిన్ రుద్దడం, సిగరెట్‌తో కాల్చడం లాంటివి దయచేసి వద్దు. కొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగాలి. వేళ్ల మధ్య, చెవి మడతల్లో, కాలర్ కింద, తోక మొదట్లో, కనురెప్పల అంచుల్లో వెతకాలి. చిన్న దశలో ఉన్న పిడుదు నువ్వు గింజంత కూడా ఉండదు. కంటికంటే వేలికే ముందు తగులుతుంది.

పొట్టలోని పురుగులు, పుండులోని పురుగులు

బ్రిటన్‌కు చేరడానికి 24 గంటల నుంచి 120 గంటల ముందు మధ్యలో బద్దె పురుగుకు ప్రాజిక్వాంటెల్ మందు డాక్టరే వేసి, తేదీతో పాటు టైము కూడా రాయాలి. ఐర్లండ్, ఫిన్లండ్, నార్వే, మాల్టాలది కూడా ఇదే పద్ధతి. తమ దగ్గర లేని ఒక నక్క బద్దె పురుగు, అంటే మనుషుల కాలేయంలో తిత్తులు పెంచేది, లోపలికి రాకూడదని వాళ్ల ఆరాటం. ఇంట్లో మామూలుగా వేసే నట్టల మందు వేశాం కదా అంటే కుదరదు. విమానం ఆలస్యమై ఆ 120 గంటలు దాటితే మళ్లీ వేయించాల్సిందే.

పుండులో పురుగు పట్టిన కుక్కను మన వీధుల్లో చూడనివాళ్లుండరు. స్క్రూవర్మ్ ఈగ గాయం మీద గుడ్లు పెడితే పుట్టే పురుగులు బతికున్న మాంసాన్నే తింటాయి. ఇలాంటి ఈగ ఉన్న దేశాల నుంచి వచ్చే కుక్కను బయల్దేరే ముందు ఐదు రోజుల్లోపు డాక్టరు ఒళ్లంతా చూసి, అది లేదని రాసిన పత్రాన్ని అమెరికా అడుగుతుంది. క్రేట్‌లో (ప్రయాణపు బోనులో) గీరుకున్న చిన్న గాయం, గోకి గోకి పచ్చి చేసుకున్న చెవి కూడా వానాకాలంలో ఆ ఈగకు చాలు. ఆఖరి వారంలో చర్మం మీద పచ్చి పుండు లేకుండా చూసుకోవడం కాగితం కోసమే కాదు.

ఎగుమతి పత్రం ఇచ్చేది కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ విభాగం. హైదరాబాద్‌తో పాటు చెన్నై, బెంగళూరు, ముంబై, ఢిల్లీ, కోల్‌కతాల్లో దాని కేంద్రాలున్నాయి. క్రేట్ కొత్తదైతే మేలు. పాతదైతే మూలలు, స్క్రూ రంధ్రాలు వేడినీళ్లతో కడిగి ఎండబెట్టాలి. కుక్కకు అలవాటైన వాసన ఉంటుందని పాత దుప్పటి వేస్తారు. వేయండి, కానీ ఉతికి, ఎండలో ఆరేసి, దులిపి వేయండి. మత్తుమందు మాత్రం ఇవ్వకూడదు. ఎత్తులో ఊపిరి, రక్తపోటు తగ్గి ప్రమాదం. పగ్, బుల్‌డాగ్, షీట్జు లాంటి పొట్టి ముక్కు కుక్కలకు అది మరీ ముప్పు.

దిగిన చోట కాచుకుని ఉండేవి

దిగాక కొత్త జబ్బుల వంతు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, ముఖ్యంగా తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్, జార్జియా, ఫ్లోరిడాల్లో, దోమకాటుతో గుండె పురుగు వస్తుంది. ఒక్క దోమ చాలు. ఆ పురుగు పిల్లలు ఆరు నెలలకు పెరిగి, జానెడుకు మించిన పొడవుతో గుండెలో, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో తిష్ఠ వేస్తాయి. చికిత్స నొప్పితో కూడిన ఇంజెక్షన్లు, నెలల తరబడి కుక్కను కదలనివ్వకుండా కట్టడి. నెలకొకసారి ఇచ్చే మందుతో పూర్తిగా ఆపగలిగే జబ్బు ఇది. హైదరాబాద్‌లో ఎవరూ దీని గురించి మాట్లాడరు కాబట్టి, వెళ్లిన మొదటి ఏడాది చాలామందికి ఆ మందు అవసరమని తెలియదు. దిగగానే పరీక్ష, మందు మొదలు, ఆరు నెలలకు మళ్లీ పరీక్ష. ఆరు నెలలకే ఎందుకంటే, సోకి అన్ని నెలలు కాకముందు అది పరీక్షలో దొరకదు.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, కనెక్టికట్ వైపు లైమ్ జబ్బు ఎక్కువ. దాన్ని మోసేది మన గోమారి కాదు, జింకల మీద ఉండే నల్లకాళ్ల పిడుదు. ఇంటి వెనక రాలిన ఆకుల్లో ఉంటుంది. చలికాలంలో కూడా, మంచు కరిగిన రోజుల్లో తిరుగుతుంది. కుక్కలకు దీనికి టీకా ఉంది, ఆ ప్రాంతాల్లో డాక్టరుతో మాట్లాడి వేయించుకోవచ్చు. సిడ్నీ, బ్రిస్బేన్‌ల తూర్పు తీరంలో ఉండే పక్షవాతపు పిడుదు ఇంకా ఘోరం. ఒక్కటి కరిచినా వెనక కాళ్లు పడిపోయి, ఊపిరి ఆగిపోవచ్చు. అక్కడ ఉన్న వాళ్లు రోజూ సాయంత్రం కుక్క ఒళ్లంతా తడిమి చూస్తారు. బ్రిటన్‌లో తోటలోని నత్తలను నాకడం వల్ల ఊపిరితిత్తుల పురుగు వస్తుంది. లండన్ నుంచి సెలవులకు స్పెయిన్‌కో ఇటలీకో కుక్కను తీసుకెళ్తే ఇసుక ఈగ కుట్టి లీష్మేనియా అనే పరాన్నజీవి జబ్బు రావచ్చు.

బ్రిటన్ ఇంతకుముందు గోమారి మందు కూడా తప్పనిసరి చేసేది. యూరప్ నిబంధనలతో కలిపినప్పుడు, 2012 జనవరి నుంచి దాన్ని ఎత్తేసింది. నాలుగేళ్లకు, 2016 మొదట్లో, ఎసెక్స్‌లోని హార్లో పట్టణంలో ఎప్పుడూ దేశం దాటని కుక్కలకు బబీసియా కానిస్ బయటపడింది. ఎక్కడి నుంచో కుక్కలతో పాటు వచ్చి, అక్కడి పొదల్లోని పిడుదుల్లో స్థిరపడింది. రూల్ లేదు కదా అని మందు మానేస్తే దెబ్బతినేది మన కుక్క ఒక్కటే కాదు. పక్కింటి కుక్క, పార్కులో దానితో ఆడుకునే కుక్క కూడా.

తిరుగు ప్రయాణం గురించి ఒక మాట చెప్పాలి. రెండేళ్లకో మూడేళ్లకో సెలవులకు కుక్కతో సహా ఇంటికి వచ్చేవాళ్లున్నారు. అమెరికా నుంచి వచ్చేవాళ్లు అక్కడ వేయించిన రేబిస్ టీకాకు ప్రభుత్వ ముద్ర ఉన్న ధృవీకరణ పత్రాన్ని బయల్దేరే ముందే తీసుకోవాలి. అది లేకుండా ఇక్కడికి వచ్చేస్తే తిరిగి వెళ్లేటప్పుడు టైటర్, జంతు కేంద్రం, ఆరు విమానాశ్రయాల పాట మళ్లీ మొదలు. అక్కడ పుట్టి పెరిగిన కుక్కకు మన గోమారి జబ్బులు చాలావరకు తగిలి ఉండవు. సంక్రాంతికి ఊరొచ్చి, పెరట్లో పదిహేను రోజులు తిరిగి వెళ్లిన కుక్కకు జ్వరం వచ్చేది మూడో వారంలో. తిరిగి చేరిన రోజు ఒళ్లంతా తడిమి చూసి, నాలుగు వారాలు దాటాక ఒకసారి ఎర్లీకియా, బబీసియాలకు రక్తం ఇప్పించడం, మధ్యలో ఎప్పుడు తిండి మానేసినా ఆ వారాలను డాక్టరుకు లెక్కపెట్టి చెప్పడం, ఇవి ఏ ఫారమూ అడగదు. క్యాలెండర్‌లో మనమే రాసుకోవాలి.